పడవకు రెండు త్రాళ్ళు

పాఠ్యభాగ ఉద్దేశం

నదులు, కాలువలు, జలాశయాలపై పడవలో పయనించేవారు ఒడ్డుతో సమాచార సంబంధాన్ని ఎన్నడూ తెంచుకోరాదని, వరద హెచ్చరికను సకాలంలో గ్రహించి పాటించాలని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. కృష్ణా గోదావరీ తీరాలలో జరిగిన వాస్తవ సంఘటనలే ఇందుకు ఆధారాలు.

పాఠ్యాంశం

వరద హెచ్చరిక అనగానే మనకు రేడియో, టెలివిజన్, సెల్‌ఫోన్ గుర్తుకు వస్తాయి. కాని ఆ భావన మన సాహిత్యానికి క్రొత్త కాదు. పోతన రచించిన ఆంధ్రమహాభాగవతం అష్టమ స్కంధంలో మత్స్యావతార కథ ఉన్నది. సత్యవ్రతుడనే రాజు కృతమాలా నదిలో తర్పణం చేస్తుండగా అతని దోసిలిలోనికి ఒక చేపపిల్ల వస్తుంది. అది క్రమంగా పెరిగి మహామత్స్యమవుతుంది. నేటికి ఏడవనాడు సముద్రాలు పొంగి లోకాలు మునుగుతాయనీ, అప్పుడు ఒక నావ వస్తుందనీ, ఓషధులను, విత్తనాలను వెంట గొని సప్తర్షులతో కూడి దానిని ఎక్కవలసిందనీ ఆ మత్స్యం రాజుకు చెబుతుంది. గాలికి ఊగిపోయే ఆ నావను వాసుకి అనే సర్పాన్ని త్రాడుగా చేసి తన కొమ్ముకు కట్టుకొమ్మని కూడా చెబుతుంది.

ఈ కథలో భక్తులు భగవంతుని లీలను దర్శిస్తారు. జలప్రయాణం చేసేవారు ఇందులో మరి మూడు విషయాలు గమనించవచ్చు. మొదటిది, ఆపద రాకముందే వార్త వచ్చింది. రెండవది, వార్త విన్నవాడు దానిని నమ్మి, గడువులోగా సిద్ధపడ్డాడు. మూడవది, నావ ఎక్కిన తరువాత కూడా దారి తెలిసినవానితో దాని సంబంధం తెగలేదు. నావ దృఢంగా ఉన్నంత మాత్రాన సత్యవ్రతుడు రక్షింపబడలేదు. త్రాడు తెగకుండా ఉన్నందువలన రక్షింపబడ్డాడు.

ఏలూరు కాలువ నేర్పిన మాట

మాది గన్నవరం ప్రాంతం. విజయవాడ వద్ద కృష్ణానదిని వీడిన ఏలూరు కాలువ మా ఊళ్ళ మీదుగా తూర్పుకు సాగిపోతుంది. 1855 నాటికి కృష్ణపై ఆనకట్ట పూర్తి అయిన తరువాత డెల్టా కాలువలు పొలాలకు నీరివ్వడమే కాక, ధాన్యానికీ, ఉప్పుకూ, కలపకూ, మనుషులకూ రాజమార్గాలయ్యాయి. కృష్ణ నుండి వచ్చే ఏలూరు కాలువ, గోదావరి నుండి వచ్చే కాలువ ఏలూరు వద్ద కలుసుకొంటాయి. అందువలన బెజవాడలో ఎక్కిన సరకు నేలపై దిగకుండానే గోదావరి సీమకు చేరేది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గట్టుమీద నడుస్తూ మనుషులే పడవను త్రాడుతో లాగేవారు. ఎత్తుపల్లాలున్న చోట లాకులు పడవను మెల్లగా దింపేవి, ఎక్కించేవి.

మా తాతగారు ఆ పడవల కాలాన్ని చూచినవారు. ధాన్యపు బస్తాలతో పలుమార్లు కాలువ ప్రయాణం చేసినవారు. బాల్యంలో నేను కాలువగట్టున ఆడుకొంటుంటే ఒకనాడు ఆయన నన్ను పిలిచి, రేవులో కట్టివేసిన పడవను చూపించారు.

"ఒరే నాయనా, ఈ పడవకు ఎన్ని త్రాళ్ళున్నాయో చెప్పు" అన్నారు.

"ఒకటే కదా తాతయ్యా!" అన్నాను.

"కాదు, రెండుండాలి. ఒకటి గుంజకు కట్టేది. అది పడవ కదలనప్పుడు పనిచేస్తుంది. రెండవది సరంగు చెవికీ ఒడ్డునున్న మనిషి నోటికీ మధ్య ఉండేది. అది పడవ కదిలిన తరువాత పనిచేస్తుంది. మొదటిది విప్పకపోతే ప్రయాణం లేదు. రెండవది విప్పితే తిరుగుప్రయాణం లేదు" అన్నారాయన.

లాకు దగ్గర ఆగిన ప్రతి సరంగూ ఎదురుపడ్డ సరంగును మొట్టమొదట "ఎగువన నీళ్ళెట్లా ఉన్నాయి?" అని అడిగేవాడట. యోగక్షేమాలు ఆ తరువాతనేనట. వార్తాసాధనాలు లేని ఆ రోజులలో ఒక పడవ మరొక పడవకు వార్తాహరి అయ్యేది. నేడు సాధనాలు పెరిగాయి. అడిగే అలవాటు మాత్రం తగ్గింది.

తలపై ఆకాశం చెప్పని సంగతి

పడవ ఎక్కేవారు సాధారణంగా తలయెత్తి ఆకాశాన్ని చూస్తారు. మబ్బు లేకుంటే భయం లేదనుకొంటారు. కృష్ణ వంటి మహానది విషయంలో ఈ నమ్మకం ప్రాణాపాయం కలిగిస్తుంది. కృష్ణ మహారాష్ట్రలోని మహాబలేశ్వరం వద్ద పుట్టి, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల జలాశయాలను దాటిన తరువాతనే వరదనీరు విజయవాడలోని ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది. సహ్యాద్రిపై కురిసిన వాన, ఇక్కడ ఎండ కాస్తున్న రోజున మన రేవును ముంచగలదు.

2021 ఆగస్టు 14న కృష్ణాజిల్లా కంచికచర్ల మండలం చెవిటికల్లు వద్ద జరిగినది ఇదే. ఇసుక కోసం నదిలో దిగిన వందకు పైగా లారీలు ఎగువనుండి వచ్చిన వరదలో చిక్కుకొన్నాయి. వచ్చిన దారి తెగిపోయింది. వాటిలోని మనుషులను పడవల సహాయంతో ఒడ్డుకు చేర్చవలసి వచ్చింది. లారీలు నిలిచిన ఇసుకతిన్నె ఉదయం నేల, కొద్ది గంటలలో నది.

వరద వానవలన మాత్రమే వస్తుందని కూడా అనుకోరాదు. అదే ఏడు ఆగస్టు 5న, సూర్యోదయానికి ముందే, పులిచింతల ప్రాజెక్టు గేటు ఒకటి విరిగి కొట్టుకొనిపోయింది. మరమ్మతు చేయాలంటే జలాశయంలోని నీటిని తగ్గించక తప్పలేదు. ఇతర గేట్లను కూడా ఎత్తి లక్షల క్యూసెక్కుల నీటిని దిగువకు వదిలారు. ఆనాడు తీరగ్రామాలను, లంకలను అప్రమత్తం చేసినది ఆకాశంలోని మేఘం కాదు, అధికారులు పంపిన వార్త.

మరొక విషయం గమనించాలి. పులిచింతలకు దిగువన మున్నేరు కృష్ణలో కలుస్తుంది. ఆ ఏటికి పులిచింతల అడ్డు కాదు. కనుక పెద్ద జలాశయాల సమాచారం ఒక్కటే తెలిస్తే చాలదు. వాగుల సంగతి, ఏరుల సంగతి కూడా తెలియాలి. చిన్న ఏరు పొంగేటప్పుడు పెద్ద నదివలె దినాల గడువు ఇవ్వదు. ఒక్కొక్కసారి గంటల గడువే ఇస్తుంది.

అంకెల భాష

వరదవార్తలో "క్యూసెక్కు" అనే మాట పదేపదే వినవస్తుంది. ఒక సెకను కాలంలో ఒక ఘనపుటడుగు నీరు ప్రవహిస్తే అది ఒక క్యూసెక్కు. అది సుమారు 28.3 లీటర్లు. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. గోదావరిపై భద్రాచలం వద్ద నీటిమట్టం 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు హెచ్చరికలు వెలువడుతాయి. ధవళేశ్వరం వద్ద 10, 13, 17 లక్షల క్యూసెక్కులు ఆ మూడింటికి కొలతలు.

ఈ అంకెలను కంఠస్థం చేయడం సులభం. వాటి అంతరార్థం గ్రహించడం ముఖ్యం. అవి ప్రధానంగా తీరగ్రామాలనూ కరకట్టలనూ దృష్టిలో ఉంచుకొని నిర్ణయించిన కొలతలు. పడవలను దృష్టిలో ఉంచుకొన్నవి కావు. మొదటి హెచ్చరిక వెలువడలేదు కనుక నది పడవకు క్షేమకరమని భావించడం పొరపాటు.

ఈ సత్యాన్ని తెలుగుజాతి చాల మూల్యం చెల్లించి తెలుసుకొన్నది. 2019 సెప్టెంబరు 15న గండిపోచమ్మ ఆలయం వద్దనుండి పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మంది మాత్రమే బయటపడ్డారు. ఆనాడు గోదావరి ప్రవాహం సుమారు ఐదు లక్షల క్యూసెక్కులు. అనగా ధవళేశ్వరం మొదటి హెచ్చరికలో సగమే. డెల్టాలో విశాలంగా పరచుకొని సాగే ఆ నీరే, కొండల నడుమ ఇరుకైన లోతైన దారిలో సుడులు తిరుగుతూ పరుగెత్తుతుంది. గట్టుపై ఊరికి ప్రమాదం లేని వరద, సుడిలోని పడవకు మృత్యువు కాగలదు. నీట మునుగుతున్నవారిని మొట్టమొదట ఆదుకొన్నవారు సమీప గ్రామాల గిరిజనులే. ఆ కొండల నడుమ సెల్‌ఫోన్ సంకేతాలు సరిగా అందవు. పడవకు ఒడ్డుతో గల రెండవ త్రాడు అక్కడ మిక్కిలి సన్నగిల్లుతుంది. ఆ దుర్ఘటన తరువాత 2020లో రాష్ట్ర ప్రభుత్వం పడవల రాకపోకలను కనిపెట్టి ఉండేందుకు పలుచోట్ల కంట్రోల్ రూములను ఏర్పరచింది. విజయవాడలోని బెర్మ్ పార్కు వాటిలో ఒకటి.

అందని వార్త, అందిన వార్త

హెచ్చరిక పుట్టడం వేరు, అది చేరడం వేరు. ఈ భేదం మన జిల్లాకు తెలిసినట్లు మరెవరికీ తెలియదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. పదివేలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తుపాను వస్తున్నదని వాతావరణశాఖకు తెలుసు. కాని ఆ తెలివిడి లంకలలోని గుడిసెకూ, సముద్రపుటంచున వలలు ఆరవేసుకొంటున్న జాలరికీ తగినంత ముందుగా, తగినంత స్పష్టంగా చేరలేదు.

1990 మే నెలలో అంతే తీవ్రమైన తుపాను మళ్ళీ కృష్ణా తీరాన్నే తాకింది. ఈసారి హెచ్చరికలు ముందుగా అందాయి. లక్షలాది ప్రజలను ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య వేయికి లోపే ఉన్నది. అదైనా తక్కువ కాదు. అయితే పదమూడేళ్ళ వ్యవధిలో గాలివానలు బలహీనపడలేదు, సముద్రం మెత్తబడలేదు. మారినది ఒక్కటే. వార్త మనుషులను చేరింది, మనుషులు కదిలారు.

గుంజనుండి తెగిన పడవలు

2024 ఆగస్టు చివర కురిసిన కుండపోతవానలకు బుడమేరు పొంగింది. సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం జలమయమయింది. ఆ మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరు నాటి మహావరదను కూడా ఇది మించింది. సెకనుకు మూడుకోట్ల ఇరవై లక్షల లీటర్లకు పైగా నీరు గేట్లగుండా దూకిందన్నమాట.

ఆ ఉద్ధృతిలో ఎగువన ఉన్న భారీ పడవలు కొన్ని కొట్టుకొని వచ్చి బ్యారేజీని ఢీకొన్నాయి. గేట్లను ఎత్తడానికి, దించడానికి తోడ్పడే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. నీటిలో ఇరుక్కొన్న ఆ పడవలను తొలగించడానికి ఇంజనీర్లు, గజ ఈతగాండ్రు అనేక దినాలు శ్రమించారు. మనిషి లేని పడవ కూడా వరదలో ఆయుధమవుతుందని లోకం చూచింది. వరద హెచ్చరిక వినవలసినది నీటిపై ఉన్నవాడు మాత్రమే కాదు, పడవను రేవులో వదలి ఇంట్లో నిద్రించేవాడు కూడా. మా తాతగారు చెప్పిన మొదటి త్రాడు, రెండవ త్రాడు ఇక్కడ ఒకటవుతాయి. వార్త చెవిని చేరితేనే సరంగు లేచి వెళ్ళి పడవను గట్టుపైకి చేర్చుకొంటాడు, లేదా అదనపు మోకులతో బిగించి కడతాడు.

ప్రయాణానికి ముందు

విద్యార్థులారా! మీలో కొందరు లంకగ్రామాలనుండి పడవ దాటి కళాశాలకు వచ్చేవారు ఉండవచ్చు. కొందరు సెలవులలో భవానీద్వీపానికో, నాగార్జునకొండకో, పాపికొండలకో విహారానికి వెళ్ళేవారు ఉండవచ్చు. పడవ మీది కాకున్నా ప్రాణం మీదే. కనుక ఈ క్రింది విషయాలను తెలుసుకొని, ఇంటిలోనివారికి కూడా చెప్పండి.

మొదట ఎగువ సంగతి తెలుసుకోవాలి. వాతావరణశాఖ హెచ్చరికలను రంగులలో తెలుపుతుంది. పసుపురంగు గమనిస్తూ ఉండమని, నారింజరంగు సిద్ధంగా ఉండమని, ఎరుపురంగు వెంటనే రక్షణచర్యలు తీసుకొమ్మని సూచిస్తాయి. నదుల నీటిమట్టాలను, వరద అంచనాలను కేంద్ర జలసంఘం ప్రకటిస్తుంది. 2023లో ఆ సంస్థ విడుదల చేసిన 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' అనే యాప్ ఏడు దినాల వరకు వరద సూచనను సెల్‌ఫోన్‌లో చూపుతుంది. సత్యవ్రతునికి లభించిన గడువూ ఏడు దినాలే కావడం యాదృచ్ఛికమే అయినా, ఆలోచింపదగిన విషయం. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు చెందిన 'సచేత్' యాప్ మనమున్న ప్రాంతానికి సంబంధించిన హెచ్చరికలను అందిస్తుంది.

రెండవది, ఒడ్డున ఒక మనిషికి చెప్పి వెళ్ళాలి. ఎక్కడినుండి ఎక్కడికి వెళుతున్నారో, ఎందరు వెళుతున్నారో, ఎన్నిగంటలకు తిరిగి వస్తారో ఆ మనిషికి తెలియాలి. చెప్పిన వేళ దాటితే ఏమి చేయాలో కూడా ముందే నిశ్చయించుకోవాలి. అత్యవసర సహాయానికి 112, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు 1070, జిల్లా కంట్రోల్ రూముకు 1077 సంఖ్యలను ఫోనులోనే కాక కాగితంపై కూడా వ్రాసి ఉంచుకోవాలి. తడిసిన ఫోను నోరు విప్పదు.

మూడవది, సమాచార సాధనాన్ని కాపాడుకోవాలి. ఫోనుకు పూర్తిగా ఛార్జి ఉండాలి. నీరు చొరని సంచిలో దానిని ఉంచాలి. ఛాయాచిత్రాలకు, పాటలకు బ్యాటరీని ఖర్చు చేసి, ఆపదలో చేతులు నలుపుకోరాదు. సంకేతం బలహీనంగా ఉన్నచోట మాట కలవకపోయినా చిన్న సందేశం చేరే అవకాశం ఉంటుంది. తుపాను వేళ సెల్‌టవర్లు పనిచేయకపోవచ్చు. అప్పుడు బ్యాటరీతో పనిచేసే చిన్న రేడియో మహోపకారం చేస్తుంది. ఒక ఈల కూడా దగ్గర ఉంచుకోవాలి. దానికి టవరూ అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు.

నాలుగవది, పడవను పరీక్షించి ఎక్కాలి. 2017 నవంబరు 12న, కార్తిక మాసంలో, ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద పవిత్ర సంగమాన్ని చేరబోతున్న పడవ తలక్రిందులై ఇరవై మందికి పైగా మరణించారు. ఆ పడవకు అనుమతి లేదు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకొన్నది. వరద లేని నాడే ఇంత దారుణం జరిగితే, వరదనాడు చెప్పనక్కరలేదు. అనుమతి లేని పడవ ప్రయాణం ఎవరి లెక్కలోనూ ఉండదు. లెక్కలో లేని పడవకు హెచ్చరిక పంపేవారు ఉండరు, అది తిరిగి రాలేదని గుర్తించేవారూ ఉండరు. లైఫ్ జాకెట్‌ను ప్రక్కన పెట్టుకోవడం కాదు, తొడిగి బిగించుకోవాలి.

నీటిపై ఉండగా హెచ్చరిక వస్తే

నీటి మధ్యన ఉండగా సైరను వినిపించినా, సందేశం వచ్చినా, నీటి రంగు ఎర్రబారినా, చెత్త, కొమ్మలు, నురుగు కొట్టుకొనివస్తున్నా ప్రయాణం అక్కడితో ముగిసిందని భావించాలి. చేరవలసిన రేవు ఎంత దగ్గరగా కనిపించినా అటు త్వరపడరాదు. సమీపంలోని ఎత్తైన గట్టుకు చేరాలి. లంకపై దిగి ఆగిపోవడం క్షేమం కాదు, నీరు పెరిగితే దారి నాలుగువైపులా తెగిపోతుంది. బ్యారేజీ గేట్లకు, వంతెన స్తంభాలకు, తూములకు దూరంగా ఉండాలి. తెరచిన గేటువైపు నీరు పడవను గుంజివేస్తుంది. గట్టు చేరిన వెంటనే ఒడ్డున ఎదురుచూచే మనిషికి క్షేమవార్త పంపాలి. లేకుంటే మన కోసం వెదకడానికి మరొక పడవ ఆ వరదలోనికే బయలుదేరుతుంది.

అన్నిటికంటె కష్టమైన పని మరొకటి ఉన్నది. అది బయలుదేరకుండా ఆగిపోవడం. టికెట్టు కొన్నాము, బంధువులు వచ్చారు, పండుగ మళ్ళీ రాదు అనే మాటలు మనిషిని నీటిపైకి నెట్టుతాయి. "నేడు పడవ కదలదు" అని చెప్పిన సరంగును మనం నిందిస్తాము. నిజానికి ఆనాడు నమస్కరించవలసినది అతనికే.

ముగింపు

గన్నవరం మండలంలోని కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం పదవ బెటాలియన్, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం ఉన్నాయి. 2025 జనవరి 19న వాటి ప్రాంగణాలు ప్రారంభమయ్యాయి. రబ్బరు పడవలతో, త్రాళ్ళతో ఆ దళం వరద వచ్చిన ప్రతిచోటికీ పరుగెత్తుతుంది. ఒకనాడు ధాన్యపు పడవలు సాగిన కాలువ చెంతనే నేడు రక్షక పడవలు నిలిచి ఉండటం మా ప్రాంతానికి గర్వకారణం. కాని ఎంత శిక్షణ పొందిన దళమైనా వార్త అందిన తరువాతనే బయలుదేరగలదు. ఆ వార్త పంపవలసినది మనమే.

మా తాతగారు నేడు లేరు. ఆయన చూపిన రేవులో పడవలూ లేవు. అయినా విహారయాత్రకు వెళుతున్నామని విద్యార్థులు వచ్చి చెప్పినప్పుడల్లా నేను అడిగే మొదటి ప్రశ్న ఆ సరంగులదే: "ఎగువన నీళ్ళెట్లా ఉన్నాయి?" జవాబు తెలిసినవారిని సంతోషంగా పంపుతాను. తెలియనివారిని తెలుసుకొని రమ్మంటాను.

కఠినపదాలకు అర్థాలు

అప్రమత్తం = మెలకువ గలది
ఉద్ధృతి = విజృంభణ, మిక్కుటమైన వేగం
ఉప్పెన = తుపాను వేళ తీరంపైకి పొంగివచ్చే సముద్రజలం
ఎగువ = నది పుట్టినచోటి దిక్కు
ఓషధులు = ఫలించి నశించే మొక్కలు
కరకట్ట = వరదను ఆపేందుకు తీరం వెంట కట్టిన గట్టు
గుంజ = పడవను, పశువును కట్టే కొయ్య
మోకు = లావుపాటి త్రాడు
యాదృచ్ఛికం = అనుకోకుండా జరిగినది
లంక = నది మధ్యనున్న దీవి
లాకు = కాలువలో నీటిమట్టం మార్చి పడవను దాటించే కట్టడం
వార్తాహరి = వార్తను తీసుకొనిపోయేది
సరంగు = పడవ నడిపే నాయకుడు

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.

1. 'పడవకు రెండు త్రాళ్ళు' అనే శీర్షిక ఔచిత్యాన్ని చర్చించండి.
2. హెచ్చరిక పుట్టడం వేరు, చేరడం వేరు అని రచయిత చెప్పిన విధానాన్ని ఉదాహరణలతో వివరించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.

1. మత్స్యావతార కథలో జలప్రయాణికులు గమనించవలసిన మూడు విషయాలేవి?
2. మొదటి ప్రమాద హెచ్చరిక లేనంత మాత్రాన నది పడవకు క్షేమకరం కాదని ఎందుకు అన్నారు?
3. 2024 వరదలో పడవలు బ్యారేజీకి ఎట్లా ప్రమాదకరమయ్యాయి?
4. నీటిపై ఉండగా హెచ్చరిక వస్తే ఏమి చేయాలి?

ఇ) క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.

1. కృష్ణానది ఎక్కడ పుట్టింది?
2. ప్రకాశం బ్యారేజీ వద్ద రెండవ ప్రమాద హెచ్చరిక ఎన్ని క్యూసెక్కులకు జారీ చేస్తారు?
3. దివిసీమ ఉప్పెన ఏనాడు వచ్చింది?
4. పులిచింతలకు దిగువన కృష్ణలో కలిసే ఏరు ఏది?

ఈ) సంధులు

జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
సప్తర్షులు = సప్త + ఋషులు – గుణ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

ఉ) సమాసాలు

కృష్ణానది = కృష్ణ అను పేరుగల నది – సంభావనా పూర్వపద కర్మధారయ సమాసం
మహామత్స్యం = గొప్పదైన మత్స్యం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
గాలివానలు = గాలియు, వానయు – ద్వంద్వ సమాసం
ఏడు దినాలు = ఏడు సంఖ్యగల దినాలు – ద్విగు సమాసం
నీటిమట్టం = నీటి యొక్క మట్టం – షష్ఠీ తత్పురుష సమాసం

ఊ) ప్రాజెక్టు పని

మీ గ్రామానికి సమీపంలోని నది, ఏరు లేదా కాలువకు వరద ఎక్కడినుండి వస్తుందో, హెచ్చరిక ఎవరి ద్వారా చేరుతుందో పెద్దలను అడిగి తెలుసుకొని ఒక నివేదిక వ్రాయండి. ఆ హెచ్చరిక చేరని ఇల్లు గాని, రేవు గాని ఉంటే దానిని కూడా పేర్కొని, ఆ నివేదికను మీ గ్రామపంచాయతీకి అందజేయండి.